మార్గరెట్ మెక్‌మిలన్ జీవిత చరిత్రము

బిడ్డకు అయిదేండ్లు నిండిన పిమ్మట తలిదండ్రులు వానిని చేయిపట్టుకొని పాఠశాలకు దెచ్చి మాకప్పగింతురు. నాటినుండి వాని చదువునకు మేము పూచీదారులము. కాని ఆ అయిదేండ్లును వాడేమి తినెను, ఎచ్చట నిద్రించెను, ఏ జబ్బుపడి లేచెను అని విచారించువారు మాలో మిక్కిలి యరుదు. ఈ విచారణకే తన జీవితమును ధారవోసిన యొక స్త్రీని గూర్చి యిచ్చట వ్రాయ నెంచితిమి. ఉపాధ్యాయ శిక్షణము పొందినవారికి ఆమె పేరు క్రొత్త గాదు. తక్కిన చదువరులకు పరిచయము చేయుటయే మా యుద్దేశము.

మార్గరెట్ మెక్‌మిలన్ 1860వ సంవత్సరము జూలై 20వ తేదీని అమెరికాలో న్యూయార్కు ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులు స్కాట్లండు దేశస్థులు. అక్క రేచల్ ఆమెకంటె ఏడాది పెద్దది. 1865లో తండ్రియు చిన్న చెల్లెలును మరణించిరి. మార్గరెట్టు స్కార్లెట్ జ్వరము వాతబడి బ్రతికి బయటపడెను గాని, ఆమె చెవులు వినబడకపోయెను. తల్లి యిద్దరు బాలికలను వెంటబెట్టుకొని ఇన్వర్నెస్ పట్టణమునకు తిరిగి వచ్చెను. పదునాలుగవ యేటగాని మార్గరెట్టునకు వినికిడి మరల రాలేదు. పాఠము వినబడని పిల్లను మందబుద్ధి యని తలంచుట ఎంత సులభమో మా వృత్తిలోనివారికి తెలియును. పిమ్మట ఆమె పిల్లల చెవులను, కన్నులను, పండ్లను పరీక్షింపవలెనని అంత పట్టుబట్టుటకు ఈ బాల్యమే బీజమై యుండునని మాకు తోచుచున్నది.

1877లో తల్లి గతించెను. ఆమీదటి యేండ్లను విస్తరింపము. మార్గరెట్టు కలవారి యిండ్లలో బాలికలకు చదువు చెప్పుచు కాలము గడపెను. 1889లో లండను రేవు కూలీలు సమ్మె కట్టినప్పుడు అక్కచెల్లెండ్రిరువురును వారి పక్షమున పనిచేసిరి.

1893లో ఆమె ఉన్నిమిల్లులకు పేరుపొందిన బ్రాడ్‌ఫర్డు నగరము చేరెను. మరుసటి యేట ఆ నగరపు విద్యామండలికి సభ్యురాలుగా నెన్నిక యయ్యెను. పాఠశాలలకు పోయి చూడగా ఆమెకు గనబడినదేమి? నెలల తరబడి ఒంటిమీది బట్ట విప్పని పిల్లలు. సగముదినము మిల్లులో పనిచేసి, తక్కిన సగము బల్లమీద తలవాల్చి నిద్రించు పిల్లలు. ఉదయమునుండి ఏమియు తినక వచ్చినవారు. ఇట్టివారికి అక్షరములు నేర్పుటకై ప్రజల పన్నులు వ్యయమగుచుండెను. 1897లో వాపింగ్ రోడ్డు పాఠశాలలో స్నానపు తొట్లు కట్టించిరి. పిల్లలను కడుగుట తలిదండ్రుల పనిగాని పాఠశాల పని గాదని కొందరు పన్నుదారులు గొణిగిరి. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని యింట నీటికుళాయి లేని తల్లి యేమి చేయగలదు? వైద్యుడు జేమ్స్ కెర్ తోడ్పాటుతో ఆమె పిల్లల దేహస్థితిని గమనించుచు వచ్చెను. అన్నము పెట్టుటకు మాత్రము మండలికి చట్టమునందు అధికారము లేకుండెను. ఆ కొరత తీరుటకు చాలకాలము పట్టెను. ఆమెతో బ్రాడ్‌ఫర్డులో పనిచేసిన ఫ్రెడ్ జోవెట్ పార్లమెంటునకు పోయి వాదించిన పిమ్మట, 1906లో పాఠశాలలందు భోజనము పెట్టుటకును, 1907లో వైద్యపరీక్ష జరుపుటకును చట్టములు వచ్చినవి.

1902 నాటి చట్టముచే విద్యామండలులు రద్దయినవి. మార్గరెట్టు బ్రాడ్‌ఫర్డు విడిచి, కెంటు మండలమున అక్కయొద్దకు చేరెను. రేచల్ ఊరూర తిరిగి ఆరోగ్యశాస్త్రము బోధించు నుద్యోగిని. ఆమె జీతమే పెక్కేండ్లు ఇరువురకు నాధారము. లోకము చెల్లెలిని మాత్రమే తలంచుకొనుట మాకు న్యాయముగా తోచదు.

1908లో బో అను పేటలోను, 1910లో థేమ్స్ నదీతీరపు డెట్‌ఫర్డులోను అక్కచెల్లెండ్రు బడిపిల్లలకు వైద్యశాలలు తెరచిరి. జోసెఫ్ ఫెల్స్ అను అమెరికా సబ్బుల వర్తకుడు ధనసహాయము చేసెను. పిల్లలు వచ్చిరి, మందు పుచ్చుకొనిరి, నయమై పోయిరి. కొన్ని వారములకు అవే పుండ్లతో, అవే చెవిపోట్లతో మరల వచ్చిరి! గాలి చొరని యొక గదిలో ఇంటిల్లపాది నిద్రించుచుండగా మందు ఎన్నాళ్లు పనిచేయును? అందుచే 1911లో తోటలో రాత్రి శిబిరము పెట్టిరి. బాలికలు సాయంకాలము వచ్చి స్నానము చేసి, ఆరుబయట నిద్రించి, ఉదయమున బడికి పోవుచుండిరి. వారి దేహములు తేరుకొనెను. అయినను అయిదేండ్లలోపు నాటుకొన్న జబ్బులను తరువాత పెరికివేయుట దుర్లభమని కూడ అక్కడనే తేలెను.

కావున 1914లో డెట్‌ఫర్డులోనే పసిపిల్లల బడి వెలసెను. అది భవనము గాదు, తోట. నడుమ నొకవైపు తెరచియుండు పాకలు. ఉదయమున బిడ్డ వచ్చుటతోడనే స్నానము, శుభ్రమైన బట్టలు, గంజియు పాలును. తరువాత తోటలో ఆట, మధ్యాహ్న భోజనము, చిన్న మంచములపై నిద్ర, సాయంకాలము మరల ఆహారము. పూలు, కూరగాయలు, పెంపుడు జంతువులు వారికి పాఠ్యపుస్తకములు. తల్లులును వచ్చి బిడ్డలను పెంచు విధము చూచి నేర్చుకొనుచుండిరి. యుద్ధము వచ్చి స్త్రీలు ఆయుధశాలలకు పోవలసిరాగా ఈ బడి వారికి పెట్టనికోట యయ్యెను.

1917 మార్చి 25వ తేదీని, తన జన్మదినముననే, రేచల్ మరణించెను. చెల్లెలు ఆ బడికి అక్క పేరు పెట్టెను. 1927లో అక్క జీవితమును గ్రంథముగా వ్రాసెను. అందు అక్క కథ యెంతో తన కథయు నంత కలదు. వారిరువురను వేరుచేయుట చదువరికి కష్టమే.

1918 నాటి చట్టము రెండేండ్లు మొదలు అయిదేండ్ల వరకు గల పిల్లలకు బడులు పెట్టుటకు స్థానిక సంఘములకు అనుమతి నిచ్చెను గాని నిర్బంధింపలేదు. యుద్ధానంతరము ధనము లేదను సాకు సులభముగా దొరకెను. తెరచిన బడులు కొలదియే. మార్గరెట్టు ఊరకుండలేదు. 1923లో ఏర్పడిన శిశుపాఠశాలల సంఘమునకు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. పసిపిల్లలకు ఎవరు చెప్పినను చాలునను మాటను ఆమె యొప్పుకొనలేదు. వారి యుపాధ్యాయినులకు మూడేండ్ల శిక్షణము కావలెనని వాదించెను. ఆ శిక్షణమునకై డెట్‌ఫర్డులో కళాశాల కట్టబడి, 1930 మే నెలలో మేరీ రాణిచే తెరవబడెను. అప్పటికి మార్గరెట్టునకు డెబ్బది యేండ్లు నిండవచ్చెను. మరుసటి మార్చిలో ఆమె మరణించెను. బ్రాక్లీ శ్మశానమున అక్క సమాధిలోనే ఆమెను ఉంచిరి.