డాక్టరు పట్టాభి సీతారామయ్య గారు – కృష్ణా జిల్లా ఆర్థికాభ్యుదయము

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు వినగానే మనలో పెక్కుమందికి 1939వ సంవత్సరపు త్రిపురి కాంగ్రెసు అధ్యక్షపు టెన్నిక జ్ఞప్తికి వచ్చును. ఆ యెన్నికలో సుభాష్ చంద్ర బోసు గారికి 1580 ఓట్లును, పట్టాభి గారికి 1377 ఓట్లును వచ్చినవి. ఆ ఓటమి వలన ఆయన పేరు దేశమంతటను మాఱుమ్రోగినది. కాని అంతకు పూర్వమే తమ జిల్లాలో ఆయన సాధించిన విజయ మొకటి కలదు. దానిని గూర్చి చెప్పుకొనువారు తక్కువ. పల్లెలలోను, పట్టణములలోను చెదరియున్న చిన్న చిన్న సొమ్ములను ఒకచోట చేర్చి, ఆ సొమ్మును తిరిగి ఆ ప్రాంతపు రైతునకును, వర్తకునకును అందజేయు సంస్థలను నిర్మించుటయే ఆ విజయము. గ్రామ గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆ చరిత్రను స్మరించుట సముచితమని తలచి ఈ వ్యాసము వ్రాయబడినది.

పట్టాభి గారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామమున జన్మించిరి. బాల్యమునందే తండ్రిని కోల్పోయిరి. కలిమి లేని కుటుంబము. చదువు మాత్రము ఆగలేదు. ఏలూరులో పాఠశాల చదువు ముగించి, మచిలీపట్టణమునందలి నోబిల్ కళాశాలలో చేరిరి. అటుపిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, వైద్యవిద్య నభ్యసించి డాక్టరు పట్టమును పొందిరి. పల్లెలో పుట్టి, పేదఱికములో పెరిగి, మద్రాసులో చదివిన యువకుడు ఆ మహానగరమునందే స్థిరపడుట ఆ కాలమున వింత కాదు. పట్టాభి గారు అట్లు చేయక 1906 ప్రాంతమున మచిలీపట్టణమునకు వచ్చి వైద్యవృత్తి నారంభించిరి. సుమారు పదేండ్లలో మంచి పేరును, ధనమును గడించి, పిమ్మట ఆ వృత్తిని విడిచి దేశసేవకు పూనుకొనిరి.

ఆయన వచ్చి చేరిన మచిలీపట్టణము వెనుకటి వైభవము తఱిగిన పట్టణము. ఒకప్పుడు ఇచ్చటి అద్దకపు వస్త్రములు ఓడలకెక్కి దూరదేశములకు పోవుచుండెను. ఇంగ్లీషువారు 1611లోనే ఇచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. డచ్చివారును ఇచ్చట వర్తకము చేసిరి. కాలక్రమమున ఇంగ్లండు మరమగ్గముల గుడ్డ వచ్చి మన నేతగానిని దెబ్బతీసెను. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి పట్టణమును ముంచివైచెను. ఆ యొక్క రాత్రి సుమారు 30 వేల మంది ప్రాణములు కోల్పోయిరని చరిత్రకారులు వ్రాసిరి. రేవు తిరిగి కోలుకొనలేదు.

కాని పట్టణమునకు వెలుపల కథ వేఱు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైనది. కాలువల వెంట నీరు పాఱెను. మెట్ట మాగాణి అయ్యెను. వరి పంట పెరిగెను. భూమి విలువ పెరిగెను. ఇంత పంట పండినను రైతు చేతిలో రొక్కము నిలువకుండెను. విత్తనములకు, ఎరువునకు, పశువులకు, శిస్తునకు, పెండ్లికి, రోగమునకు సొమ్ము కావలసినపుడెల్ల సాహుకారు గడప త్రొక్కవలసినదే. పంట కల్లములో నుండగానే ఋణమునకు జమ యగును. మిగులు గలవారు ఆ మిగులును పాతరలోనో, నగలలోనో దాచుచుండిరి. ఒకవైపు సొమ్ము కదలక పడియుండుట, మఱొకవైపు సొమ్ము లేక పని ఆగిపోవుట – ఇదియే ఆనాటి జిల్లా వ్యాధి. దీనికి మందు ఔషధశాలలో దొరకదు.

పట్టాభి గారు ఒంటరిగా పనిచేసినవారు కారు. మచిలీపట్టణమున ముట్నూరి కృష్ణారావు గారు, కోపల్లె హనుమంతరావు గారు ఆయనకు తోడైరి. ఈ మువ్వురి స్నేహము ఆంధ్రదేశమునకు గొప్ప కలిమి యయ్యెను. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక కృష్ణారావు గారి సంపాదకత్వమున ప్రజలకు జాతీయభావమును బోధించెను. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. హనుమంతరావు గారు తమ జీవితమునంతను దానికే ధారవోసి 1922లో స్వర్గస్థులైరి. ఆ కళాశాలలో పుస్తకవిద్యతోపాటు నేత, యంత్రవిద్య, చిత్రలేఖనము మున్నగు వృత్తివిద్యలు నేర్పబడినవి. చదువుకొన్న యువకుడు ఉద్యోగమునకు చేయి చాపక, తన చేతిపనితో బ్రతుకగలుగవలెనన్నది ఆ మువ్వురి యాశయము. ఐతే పనివాడు సిద్ధమైనంతనే పని సాగదు. మగ్గమునకు నూలు కావలెను, నూలునకు పెట్టుబడి కావలెను. ఆ పెట్టుబడికి మార్గము చూపుటయే పట్టాభి గారి వంతు అయ్యెను.

1904లో సహకార సంఘముల చట్టము వచ్చెను. 1912లో అది విస్తరింపబడి, గ్రామసంఘములకు అప్పులిచ్చు కేంద్ర బ్యాంకులకు వీలు కలిగెను. ఆ వీలును గ్రహించి 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పట్టాభి గారు పూనుకొనిరి. దాని నడక సులభముగా గ్రహింపదగినది. గ్రామములోని రైతులు కొందఱు కలిసి సంఘముగా ఏర్పడి వాటాలు వేసికొందురు. ఒకరి బాకీకి అందఱును బాధ్యులు. కావున ఎవనికి ఎంత అప్పు ఈయదగునో ఊరివారే నిర్ణయింతురు. ఆ సంఘమునకు కేంద్ర బ్యాంకు అప్పిచ్చును. పట్టణమునందలి ప్లీడరు, ఉపాధ్యాయుడు, ఉద్యోగి దాచుకొన్న సొమ్ము ఈ మార్గమున పొలమునకు చేరును. సాహుకారు ఒక్కడే ఉన్నచోట వడ్డీ అతడు చెప్పినదే. రెండవ గడప తెఱువబడినపుడు రైతునకు బేరమాడు శక్తి కలుగును.

ఇంతటితో పని ముగియలేదు. వర్తకునకు కావలసిన సొమ్ము వేఱు, రైతునకు కావలసిన సొమ్ము వేఱు. ధాన్యము కొని, మిల్లులో ఆడించి, దూరపు సంతకు పంపి, వెల చేతికి వచ్చువఱకు వర్తకుడు ఆగవలెను. ఆ నడిమి కాలమున ఆదుకొనువాడే బ్యాంకరు. కాని ఆ దినములలో బ్యాంకన్నచో జనులకు భయము. 1906లో మద్రాసునందు అర్బత్నాట్ కంపెనీ దివాలా తీయగా వేలకొలది కుటుంబములు దాచిన సొమ్మును పోగొట్టుకొనెను. 1913 ప్రాంతమున ఉత్తరదేశమునందును పెక్కు స్వదేశీ బ్యాంకులు కూలినవి. తెల్లవారి కంపెనీయే మునిగినపుడు మనవారి బ్యాంకును నమ్ముట యెట్లని జనులు శంకించుట సహజమే.

అట్టి సమయమున 1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు చేయబడి, 28వ తేదీన మచిలీపట్టణమున పని ప్రారంభించెను. దాని అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లింపబడిన మూలధనము 1 లక్ష రూపాయలు మాత్రమే. సహాయనిరాకరణోద్యమము ఆగిపోయి, గాంధీమహాత్ముడు చెఱసాలలో నున్న దినములవి. ఒక మాసము తరువాత కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. దేశమంతయు ఇక చేయవలసిన దేమని చర్చించుచున్న వేళ, పట్టాభి గారు తమ జిల్లాలో లెక్కల పుస్తకము తెఱచిరి. ఉద్యమము వేగముగా వచ్చి వేగముగా తగ్గవచ్చును. బ్యాంకు అట్లు కాదు. అది ప్రతిదినము తలుపు తెఱువవలెను, అడిగినవానికి అడిగినపుడు సొమ్ము తిరిగి ఈయవలెను. ఒక్కదినము తప్పినను నమ్మకము పోవును. నమ్మకము పోయినచో మూలధన మెంత యున్నను నిలువదు.

తరువాతి సంస్థలు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపింపబడెను. ఆనాడు భీమా ప్రీమియముగా మనవారు చెల్లించు సొమ్ములో పెద్దభాగము పరదేశపు కంపెనీలకు పోవుచుండెను. ఇంటి యజమాని మరణించినపుడు కుటుంబమునకు ఆధారము కల్పించుచు, ఆ సొమ్మును మనదేశమునందే నిలుపుట భీమా కంపెనీ చేయగల మేలు. 1927లో వడ్లమన్నాడు గ్రామమున భూమి తనఖా బ్యాంకు ఏర్పడెను. 1929లో భరతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీయు వెలసినవి.

వీనిలో వడ్లమన్నాడు బ్యాంకును గూర్చి ఒక మాట చెప్పవలెను. పంటకు తీసికొన్న అప్పు పంట రాగానే తీరును. కాని పాత బాకీ తీర్చుకొనుటకు, పొలము మెరకతీసి బాగుచేసికొనుటకు, బావి త్రవ్వుటకు తెచ్చిన అప్పు ఒక పంటతో తీరునది కాదు. దానిని పెక్కేండ్లపాటు కొంచెము కొంచెముగా తీర్చు వీలుండవలెను. డిపాజిట్టుదారు ఎప్పుడైనను సొమ్ము అడుగవచ్చును గనుక మామూలు బ్యాంకు అంతకాలము అప్పీయజాలదు. భూమిని హామీగా నుంచుకొని దీర్ఘకాలపు అప్పు లిచ్చుటయే తనఖా బ్యాంకు ధర్మము. రైతు ఆస్తి వేలమునకు పోకుండ కాపాడుటకు ఇది సాధనము. అట్టి బ్యాంకు పట్టణమున గాక ఒక పల్లెయందు పుట్టుట గమనింపదగినది.

తమ సంస్థల వ్యవహారము తెలుగులో నడువవలెనన్నది పట్టాభి గారి పట్టుదల. ఆంధ్రరాష్ట్రము కొఱకు జీవితమంతయు పోరాడినవారికి ఇది సహజమే. అయినను ఇందు వ్యాపార రహస్యమును కలదు. తాను వ్రాలు చేయు కాగితములో ఏమున్నదో తెలియని రైతు బ్యాంకును నమ్మడు. ఋణపత్రము తన భాషలో నున్నచో చదివి, లేక చదివించుకొని తెలిసికొనగలడు.

సంస్థలకు నిజమైన పరీక్ష 1930 తరువాత వచ్చెను. ప్రపంచమంతటను ధరలు పడిపోయినవి. ధాన్యము వెల తగ్గినది, అప్పు మాత్రము తగ్గలేదు. అదే కాలమున ఉప్పు సత్యాగ్రహము సాగినది. పట్టాభి గారు కారాగారమునకు వెడలిరి. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడగా దక్షిణదేశమంతటను డిపాజిట్టుదారులు కలవరపడిరి. 1942లో పట్టాభి గారు కాంగ్రెసు కార్యవర్గ సభ్యులతోపాటు అహమ్మదునగరు కోటలో బంధింపబడి సుమారు మూడేండ్లు అచ్చటనే యుండిరి. స్థాపకుడు చెఱలో నున్నను బ్యాంకు తలుపులు మూతపడలేదు. వ్యక్తి లేనప్పుడును నడువగలిగినదే సంస్థ. తాను లేకున్నను సాగునట్లు పని నేర్పరచుటయే పట్టాభి గారి గొప్పతనమని మా యభిప్రాయము.

మహనీయుల చరిత్ర వ్రాయునపుడు వారి పనిలోని కొఱతను దాచుట న్యాయము కాదు. భూమి తనఖా బ్యాంకు భూమి గలవానికే అప్పిచ్చును. సహకార సంఘములో హామీ చూపగలవానికే మాట చెల్లును. కౌలుదారునకు, కూలివానికి, మగ్గము తప్ప మఱేమియు లేని నేతగానికి ఈ గడపలు అంత సులభముగా తెఱువబడలేదు. జిల్లా సొమ్ము జిల్లాలో తిరుగుట మొదటి మెట్టు. ఆ తిరుగుటలో అందఱికి పాలు దక్కుట రెండవ మెట్టు. మొదటి మెట్టును ఆయన తరము కట్టినది. రెండవ మెట్టు తరువాతి తరముల బాధ్యతగా మిగిలినది.

స్వరాజ్యము వచ్చిన పిదప 1948లో పట్టాభి గారు జయపూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులైరి. భాషా రాష్ట్రముల ప్రశ్నను పరిశీలించుటకు నెహ్రూ, పటేలు గారలతో కలిసి ఆయన సభ్యులుగా నున్న సంఘము 1949లో నివేదిక సమర్పించెను. 1952 నుండి 1957 వఱకు మధ్యప్రదేశమునకు గవర్నరుగా నుండిరి. 1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి.

ఆయన నాటిన చెట్ల గతి యేమైనది? 1956లో జీవిత భీమా వ్యాపారమంతయు ప్రభుత్వపరమై జీవిత భీమా సంస్థ ఏర్పడెను. 1964లో భరతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసెను. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయము చేయబడెను. 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. తొంబదియారేండ్లు తెలుగువారి పలుకుబడిలో నున్న ఆ పేరు బోర్డుల మీదినుండి తొలగినది. ఇందుకు బాధపడినవారు పెక్కురు. ఆ బాధ నిరాధారము కాదు. ఐనను పేరు పోయినంతనే చేసిన మేలు పోదు. ఆ బ్యాంకు అప్పుతో ఆడిన మిల్లు, కొన్న ఎడ్లజత, చదివిన బిడ్డ – వీని ఫలము ఎక్కడికిని పోలేదు.

గ్రామ సోదరులారా! ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో పుట్టినది. కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు 1915లో బందరులో పుట్టినది. ఒకే జిల్లాలో ఒక్క యేడాది యెడముతో ఈ రెండును పుట్టినవి. ఒకటి అక్షరమును ఊరికి తెచ్చెను, రెండవది రొక్కమును ఊరికి తెచ్చెను. రెంటికిని మూలము చందాయే. ఒక్కని వద్ద లేనిదానిని పదిమంది కొంచెము కొంచెముగా వేసి కూర్చుకొనుటయే రెంటి కిటుకును. గ్రంథాలయమునకు చందా చెల్లించు ప్రతి పాఠకుడును పట్టాభి గారి మార్గమున నొక అడుగు వేసినవాడే. ఇచ్చట పుస్తకము సకాలమున తిరిగి యిచ్చు అలవాటే అచ్చట అప్పు సకాలమున తీర్చు అలవాటు. నమ్మకమను మూలధనము తఱుగకుండ కాపాడుకొన్న ఊరు వర్ధిల్లును. ఆ మహనీయునకు మనము చేయగల నిజమైన నివాళి అదియే.