16 నెలల తర్వాత ఒక చిరునవ్వు

జాన్ న్యూటన్ ఎవరో మన సంఘాల్లో చెప్పనక్కరలేదు. ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తర్వాత దైవసేవకుడై 'అమేజింగ్ గ్రేస్' కీర్తన రాసిన వ్యక్తి. ఆయన పొరుగునే ఉంటూ ఆయనతో కలిసి కీర్తనలు రాసిన విలియం కూపర్ గురించి మాత్రం తక్కువ వింటాం. విన్నా, 1764లో పొందిన స్వస్థత వరకే. ఆ తర్వాతి 36 ఏళ్లే అసలు కథ.

కూపర్ 1731లో ఇంగ్లండ్‌లో ఒక పాదిరి ఇంట పుట్టాడు. ఆరేళ్ల వయసులోనే తల్లిని పోగొట్టుకున్నాడు. బడిలో ఒక పెద్ద కుర్రవాడు పెట్టిన హింసకు తలెత్తి చూడలేకపోయేవాడు. న్యాయశాస్త్రం చదివాడు. 1763లో ప్రభువుల సభలో గుమాస్తా కొలువు వచ్చింది గానీ, సభ ముందు పరీక్షకు నిలబడాలనేసరికి మనసు చెదిరిపోయింది. ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే చికిత్సాలయంలో చేర్పించారు.

మతి చలించినవారిని గొలుసులతో కట్టే రోజులవి. కాటన్ మాత్రం దయగల వైద్యుడు, కవి కూడా. 1764 వేసవిలో తోటలోని బల్ల మీద కనబడిన బైబిలును కూపర్ తెరిచాడు. కొన్నాళ్లకు రోమా 3:25 దగ్గర అతని చీకటి విడిపోయింది. సంతోషంతో కన్నీళ్లు ఆగలేదు. విచిత్రమేమిటంటే, భక్తిపరుడైన కాటన్ కంగారుపడ్డాడు. ఇంత హఠాత్తుగా వచ్చిన ఆనందం మళ్లీ ఉన్మాదంలో ముగుస్తుందేమోనని జాగ్రత్తగా గమనించాడు. కూపర్ 1765 జూన్ వరకు అక్కడే ఉన్నాడు. ఆ వైద్యుడిది అవిశ్వాసం కాదు, వివేకం.

తర్వాత ఓల్నీలో, తల్లిలా ఆదరించిన మేరీ అన్విన్ ఇంట ఉంటూ కూపర్ అరవైకి పైగా కీర్తనలు రాశాడు. 1773 జనవరిలో జబ్బు తిరగబెట్టింది. దేవుడు తనను విసర్జించాడని చెప్పే ఒక కల వచ్చింది. దాన్ని అతను చివరిదాకా నమ్మాడు. మళ్లీ చావబోయాడు. న్యూటన్ దంపతులు ఏడాదికి పైగా తమ ఇంట్లో ఉంచుకుని కనిపెట్టుకున్నారు.

మొదటి స్వస్థత ఒకే అనుభూతి మీద నిలిచింది. అది పోయాక కాలు మోపడానికి వేరే చోటు వెతుక్కోక తప్పలేదు. 1774 మేలో న్యూటన్ ఇంట కోళ్లకు గింజలు వేస్తుండగా ఏదో చూసి కూపర్ నవ్వాడు. 16 నెలల్లో అదే మొదటి చిరునవ్వని న్యూటన్ రాసుకున్నాడు. ఆపైన మూడు అడవి కుందేళ్లను పెంచాడు. వడ్రంగం చేశాడు. మొక్కలు పెంచాడు. మేరీ ప్రోత్సాహంతో పెద్ద కవిత్వం మొదలుపెట్టి, 50 ఏళ్ల వయసులో 1782లో తొలి కవితాసంపుటి వేశాడు. 1785లో 'ది టాస్క్' వచ్చింది. 1788లో బానిసల పక్షాన కవితలు రాశాడు.

ఇది నేటి మానసిక చికిత్సకులకు కొత్త కాదు. పాత ఆలోచనల అల్లిక వదులయ్యేటప్పుడు మనిషి తడబడతాడు. కొందరు కొన్నాళ్లు ఇంకా కుంగుతారు. మార్పు అలాంటి అస్థిరత వెనుకే రావడం కొందరు రోగుల్లో పరిశోధకులు గమనించారు. అలాగని ప్రతి పతనమూ మేలు చేయదు. పక్కన మనుషులు లేకపోతే కూపర్ 1773లోనే ముగిసిపోయేవాడు. మన సంఘాల్లో డిప్రెషన్‌కు మందులు వాడే సహోదరికి జబ్బు తిరగబెడితే ప్రార్థన తగ్గిందా అని అడుగుతాం. న్యూటన్ ఇల్లిచ్చాడు, కోళ్ల గింజలిచ్చాడు.

1787లో మళ్లీ పడ్డాడు, ఆరు నెలలకు లేచాడు. 1794లో ఇంకోసారి. రోజుల తరబడి కదలక, పలకక కూర్చుండిపోయాడు. అప్పటికి మేరీ పక్షవాతంతో ఉంది. వైద్యుడి సలహాపై, వాతావరణం బాగుంది, కాస్త నడవాలని ఉందని ఆమె అంది. కూపర్ వెంటనే లేచి ఆమె చేయి పట్టుకున్నాడు.

ఆ చివరి చీకటి మాత్రం పూర్తిగా విడిపోలేదు. మేరీ 1796లో, కూపర్ 1800 ఏప్రిల్ 25న మరణించారు. 1773 తర్వాత ఆరాధనకు వెళ్లని ఆయనను మేరీని పెట్టిన ఈస్ట్ డెరెహామ్ చర్చిలోనే సమాధి చేశారు.