హామ్ ఆపరేటర్ రాజీవ్ గాంధీ

రాజీవ్ గాంధీ అనగానే మన కళ్ళముందు మెదిలేది ప్రధానమంత్రి. ఆయనలో ఒక రేడియో ప్రేమికుడు కూడా ఉన్నాడన్న సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

1944 ఆగస్టు 20న బొంబాయిలో పుట్టారు. డూన్ స్కూల్లో చదువుకొని, కేంబ్రిడ్జిలో ఇంజనీరింగులో చేరారు గాని డిగ్రీ పూర్తి చేయలేదు. తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలటై ఆవ్రో విమానాలు నడిపారు. రాజకీయాల్లోకి రాకముందే ఆయనకు హామ్ రేడియో పట్టుబడింది. వి.యు.2 ఆర్.జి. అన్నది ఆయన కాల్‌సైన్. భార్య సోనియా కూడా లైసెన్సు పొందిన హామే. గాలిలో పదవులుండవు, ఎవరైనా కాల్‌సైన్‌తోనే పలకాలి, తమ వంతు వచ్చేదాకా ఆగాలి.

1980లో తమ్ముడు సంజయ్ విమాన ప్రమాదంలో పోవడంతో రాజకీయాల్లోకి రాక తప్పలేదు. 1984 అక్టోబరు 31న తల్లి హత్య జరిగిన రోజే ప్రధాని అయ్యారు. బోఫోర్స్ వివాదం చుట్టుముట్టి 1989లో ఓడిపోయారు. ఆ పాలనపై ఎవరి అభిప్రాయం వారిది. అయితే టెలిఫోను ధనికుల అలంకారంగా మిగిలిపోకూడదని పట్టుబట్టి, సి-డాట్ సంస్థకు అండగా నిలిచిన మాట నిజం.

మన విశాఖకూ ఆయన చివరిరోజుకూ ఒక ముడి ఉంది. 1991 మే 21 సాయంత్రం ఇక్కడ ఎన్నికల ప్రచారం ముగించుకొని మద్రాసు వెళ్ళబోతే, విమానంలోని కమ్యూనికేషన్ పరికరం మొరాయించింది. ఆ రాత్రికి ఇక్కడే ఉండిపోదామని బయలుదేరారు కూడా. ఇంతలో బాగుపడిందని కబురొచ్చింది. వెనుదిరిగి విమానమెక్కారు. ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో బాంబుకు బలయ్యారు. వయస్సు 46.

ఆయన అభిరుచి మనకెందుకంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఇంత నగరంలో పక్కవీధి క్షేమం కూడా తెలియలేదు. హామ్ సెట్టుకు టవర్లతో పనిలేదు. ఒక కారు బ్యాటరీ, రెండు చెట్లకు కట్టిన తీగ ఉంటే చాలు. షార్ట్‌వేవ్ తరంగాలు అయనోస్ఫియర్‌ను తాకి వందల మైళ్ళ అవతల దిగుతాయి.

కాని సెట్టు ఉంటే సరిపోదు, మనిషికి తర్ఫీదు కావాలి. కబురు ముందు కాగితం మీద రాసుకోవాలి. ఎవరికి, ఎక్కడినుంచి, ఎన్ని గంటలకు అన్నది తప్పకూడదు. అంకెలు రెండుసార్లు చదవాలి. కంట్రోల్ స్టేషన్ పిలిచేదాకా నోరు మెదపకూడదు. పదిమంది ఒకేసారి మాట్లాడితే ప్రాణాలు నిలిపే ఆ ఒక్క మాటా వినబడదు. ఈ క్రమశిక్షణ తుపాను రోజున నేర్చుకుంటే వచ్చేది కాదు.

హైదరాబాదులో 1983లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇటువంటి శిక్షణనే చేపట్టింది. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. మన ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు విద్యార్థులకు అదేమంత కష్టం? విమానాలు నడుపుతూ ఒక పైలటు తీరిక చేసుకోగలిగినప్పుడు, మనం వారానికి రెండు సాయంత్రాలు కేటాయించలేమా? బంగాళాఖాతం మాత్రం మన సిలబస్ పూర్తయ్యేదాకా ఆగదు.