బెంగుళూరు నాగరత్నమ్మగారు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతివారూ తమ రాశికి ఆదాయ వ్యయాలు విన్న తరువాత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చెవి వొగ్గి వింటారు. ఆదాయ వ్యయాలు నెల జీతంవారికి ముందే తెలుసును గనుక, మావంటి గుమాస్తాలకు తక్కిన రెండంకెల మీదనే ఆసక్తి. ఆ రెండంకెలూ పెద్దవిగానే పడిన ఒక విదుషీమణి జీవితాన్ని యీ సంచికలో చెప్పదలచినాము. మనం వచ్చి కాపురమున్న యీ బెంగుళూరు ఆమె పేరులోనే వున్నది.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించినారు. తల్లి పుట్టలక్ష్మమ్మ. తండ్రి వకీలు; ఆయన ఆదరణ ఎంతోకాలం నిలవలేదు. ఆ తల్లి పట్టుదల చెప్పుకోదగినది. మైసూరులో చదువు చెప్పిన పండితుడు మధ్యలో విముఖుడైతే, కూతురు విద్యావతి అయిన తరువాతనే తిరిగి ఆ వూరిలో అడుగు పెడతామని శపథం చేసి బయలుదేరిందట. బెంగుళూరులో మునుస్వామప్పగారు సంగీతం నేర్పినారు. ఆయనది త్యాగరాజస్వామి శిష్యులైన వాలాజాపేట వారి సంప్రదాయం. కన్నడం, తెలుగు, సంస్కృతం మూడూ పిల్లకు అబ్బినవి. పదునాలుగేళ్లకే తల్లి పోయినది. మరుసటి ఏడు మైసూరు మహారాజుగారి ఆస్థానంలో పాడి మెప్పు పొందినారు. శపథం చెల్లినది గాని చూడడానికి తల్లి లేదు.

మైసూరు న్యాయమూర్తి నరహరిరావుగారు ఆమెను ఆదరించినారు. లోకం అనుకునేది అనుకున్నది. ఆమె ఆ సంగతి దాచనూ లేదు, దానికి తల వంచనూ లేదు. తరువాత మద్రాసు చేరి జార్జిటౌనులో స్వంత యింట వుండి, కచేరీలతో విశేషంగా సంపాదించినారు. బెంగుళూరు నుంచి మద్రాసుకు పోయే రైలు దారి మన వైట్‌ఫీల్డు మీదుగానే గదా! స్త్రీ కళాకారులలో ఆదాయపు పన్ను చెల్లించిన తొలివారిలో ఆమె ఒకరని చెబుతారు. రాజపూజ్యం యింతవరకు.

ఇక రెండవ అంకె. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే తెలుగు కవయిత్రి వుండేది. ఆ ప్రభువు ఏలుబడి 1739 నుంచి 1763 వరకు. ఆమె రచించిన శృంగార ప్రబంధం రాధికా సాంత్వనము. ఇళను పెంచి కృష్ణునికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత పడే వేదనా, కోపమూ, కృష్ణుడు ఆమెను బుజ్జగించడమూ అందులో కథ. 1887లో అచ్చయిన ప్రతిలో కవయిత్రి వంశాన్ని తెలిపే పీఠికనూ, కొన్ని పద్యాలనూ పరిష్కర్త తీసివేసినాడు. పుస్తకం మిగిలినది గాని, మనిషి ఆనవాలు పోయినది. వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమెను వేశ్య అనిన్నీ, ఆ కావ్యం స్త్రీలు వినదగినది కాదనిన్నీ నిందించినారు.

పంతులుగారు సామాన్యులు కారు. వితంతు వివాహాలు చేయించి, ఆడపిల్లల చదువుకు పాటుపడి, వూరంతా వెలివేసినా చలించని వ్యక్తి. అట్టివారి కలం నుంచి వచ్చిన మాట సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరా వ్యాఖ్య వంటిది. తరువాతి ప్రతి అధికారీ దానిని చూసే సంతకం పెడతాడు, విచారణ చేయడు.

నాగరత్నమ్మగారు విచారణ చేసినారు. ఎంతో ప్రయాసపడి ప్రతులు సంపాదించి, తీసివేసిన భాగాలను తిరిగి చేర్చి, 1910లో వావిళ్లవారిచేత సంపూర్ణంగా అచ్చు వేయించినారు. పీఠికలో పంతులుగారికి నేరుగా సమాధానం వ్రాసినారు. సిగ్గు అనేది ఆడవారికి మాత్రమే వుండవలసినదా, మగవారికి అక్కరలేదా అని అడిగినారు. ఇటువంటి వర్ణనలే వున్న పురుషుల కావ్యాలు పెద్దల ఆమోదం ఎట్లా పొందినవని నిలదీసినారు. ఆ వ్రాసినది తన కులానికి చెందిన స్త్రీ అయినందుకే యీ నింద అని ఆమె గ్రహించినారు. మా అభిప్రాయంలో పంతులుగారి సంస్కరణ గొప్పదే. యీ తీర్పు మాత్రం పొరపాటే. రెండూ ఒకే మనిషిలో వుండవచ్చును.

ప్రతిఫలం వెంటనే దక్కినది. 1911లో పుస్తకం అశ్లీలమని ఆక్షేపణ వచ్చి పోలీసులు ప్రతులు పట్టుకొన్నారు, ప్రభుత్వం నిషేధించినది. పండితుల విన్నపాలు పనిచేయలేదు. ముద్దుపళని పేరు నిలబెట్టబోయి నాగరత్నమ్మగారు అదే నిందలో భాగం పంచుకొన్నారు. అవి దేవదాసీ నాట్యాన్ని బహిష్కరించాలని ఉద్యమం సాగుతున్న రోజులు. పిమ్మట 1927లో, దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలన్న ప్రయత్నం వచ్చినప్పుడు, తమ వారందరినీ ఒక్క గాటను కట్టవద్దని చెప్పిన దేవదాసీల సంఘంలోనూ ఆమె నిలిచినారు. ఆ వ్యవస్థలో బాలికలకు జరిగిన అన్యాయం నిజమే. ఆ వంకతో కళావంతుల పాండిత్యాన్ని కూడ పారవేయడం తగునా అన్నది ఆమె వాదం.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన తిరువైయారులో, ఆయన సమాధి ముళ్లపొదల మధ్య పాడుబడి వున్నదని 1921లో ఆమెకు ఉత్తరం వచ్చినది. స్వామిది యింటిభాష తెలుగు, కాలు మోపిన నేల తమిళం. ఆ స్థితి మన సంఘంలో ఎవరికీ వివరించనక్కరలేదు. నాగరత్నమ్మగారు స్థలం సంపాదించి, ఆ యేడే శంకుస్థాపన చేయించి, మందిరం లేపినారు. 1925లో ప్రతిష్ఠ జరిగినది. మద్రాసులోని యిల్లు, నగలు యిందుకే వెళ్లినవి.

అంత ఖర్చుపెట్టిన మందిరంలో ఆమె పాడడానికి వీలులేదన్నారు! ఆరాధన జరిపే విద్వాంసులు అప్పటికే పెద్ద పక్షం, చిన్న పక్షం అని చీలి వున్నారు. ఆడవారికి చోటివ్వకూడదన్న విషయంలో మాత్రం యిద్దరిదీ ఒకటే మాట. ఆమె దుఃఖపడి కూర్చోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి మందిరం వెనుక మూడవ ఆరాధన ఆరంభించినారు. వూరివారు దానికి ఆడవాళ్ల పక్షమని పేరు పెట్టినారు. ఏటేటా అది సాగినది. చివరకు 1940 ప్రాంతంలో మూడు పక్షాలూ ఏకమై ఆరాధన ఒకటైనది. స్త్రీలు పాడసాగినారు.

1947లో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో రాధికా సాంత్వనం మీది నిషేధం తొలగినది. ముప్పయ్యారేళ్లు పట్టినది. వావిళ్లవారు తిరిగి అచ్చువేసిన సంవత్సరం 1952. ఆ యేడు మే నెలలోనే నాగరత్నమ్మగారు తిరువైయారులో కన్ను మూసినారు. తన ఆస్తి త్యాగరాజస్వామి సేవకే వ్రాసిపెట్టినారు.

చూడదలచినవారికి ఒక మాట. తంజావూరులో దిగితే తిరువైయారుకు బస్సులు కలవు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి వున్నది. ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహం నాగరత్నమ్మగారిది. పుష్య బహుళ పంచమినాడు వెడితే, ఆ విగ్రహం ముందరనే ఆడవారు మగవారితో కలిసి కూర్చొని పంచరత్నాలు పాడడం వినవచ్చును.