కన్ను ఎందుకు తిరుగుతుందో ఆలోచించిన ఇబ్నుల్ హైసమ్

పురానాపూల్ మీద కూరగాయల బండ్ల మధ్య నిలబడి తెలిసిన మనిషి కోసం వెతికి చూడండి. కళ్లు ఒక్కచోట ఆగవు. ఈ ముఖం, ఆ ముఖం, ఆ టోపీ, ఈ బుట్ట అంటూ గెంతుతూనే ఉంటాయి. ఈ గెంతుల పని ఏమిటో వెయ్యేళ్ల కిందటే రాసిపెట్టిన పండితుడు అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్.

965 ప్రాంతంలో బస్రాలో పుట్టారు. నైలు నది నీటిని అదుపులో పెట్టొచ్చని ఆయన అన్న మాట ఈజిప్టు ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. పిలిపించారు. తీరా నది వెంట దక్షిణాదికి పోయి చూస్తే, అది అయ్యే పని కాదని ఆయనకే అర్థమైంది. ఖలీఫా కోపానికి భయపడి పిచ్చివాడిలా నటించారని పాత చరిత్రకారులు రాశారు. ఇంట్లోనే బందీగా ఏళ్లు గడిచాయి. 1021లో అల్ హాకిమ్ పోయాకే బయటికొచ్చారు. తర్వాత అల్ అజ్‌హర్ దగ్గర ఉంటూ, యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని బతికారు. అంతటి పండితుడికి నకళ్ల కూలి!

ఆయన పెద్ద గ్రంథం కితాబుల్ మనాజిర్, ఏడు భాగాలు. కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ చెప్పారు. కాదు, వెలుగే వస్తువు నుంచి కంట్లోకి వస్తుందని ఈయన వాదించారు. చూపుకు నడిమధ్యన ఉన్నదే తేటగా కనిపిస్తుంది, పక్కనున్నది మసక. అందుకే కన్ను కదిలి, ఆ నడిమి చూపును వస్తువు ఒక్కో భాగం మీదుగా నడిపించాలన్నారు. ఉత్తుత్తి చూపు వేరు, నిదానంగా పరికించడం వేరు అని కూడా విడదీశారు.

ఒకచోట పొరబడ్డారు. చూపును పట్టేది కంట్లోని కటకమే అనుకున్నారు. బొమ్మ పడేది రెటీనా మీదని 1604లో కెప్లర్ తేల్చాడు. అయితే కెప్లర్ కంటే ముందే హైసమ్ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లి, 1572లో బాసెల్‌లో అచ్చయింది. మన పురానాపూల్ కట్టింది 1578లో, అంటే ఆ అచ్చు పుస్తకం కంటే వంతెనే ఆరేళ్లు చిన్నది.

రెటీనా నడుమ చిన్న గుంత ఉంటుంది, దాన్ని ఫోవియా అంటారు. తేటగా చూసేది అదే. దాన్ని కావలసిన చోటికి తిప్పడానికే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు గెంతుతుంది. ఇంకో సంగతి ఉంది: రెటీనా కణాలు మార్పుకే బాగా స్పందిస్తాయి. 1950లలో బొమ్మను కంటితోపాటే కదిలేలా అమర్చి చూశారు. కాసేపటికే ఆ బొమ్మ కళ్ల ముందే మాయమైపోయింది! రెప్ప వేయకుండా ఒకేచోట చూస్తున్నామని మనం అనుకుంటాం గానీ, అప్పుడూ కన్ను సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఈ సంగతి పట్టుకునే పరికరాలు హైసమ్ కాలంలో లేవు. 1040 ప్రాంతంలో ఆయన కైరోలో కన్నుమూశారు.

మన ఊరికీ ఆయనకూ గట్టి సంబంధమే ఉంది. మనాజిర్ మీద కమాలుద్దీన్ ఫారిసీ రాసిన అరబీ వ్యాఖ్యానం తన్‌ఖీహుల్ మనాజిర్‌ను 1928-30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చువేసింది హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫే. 1888లో మొదలైన ఆ సంస్థ తర్వాత హైసమ్ రిసాలాలు కూడా వెలువరించింది. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో దాని భవనం ఉంది. అరబీ చదువుకుంటున్న పిల్లలుంటే ఓసారి తీసుకెళ్లండి.