సూపు పోయినా చెయ్యి ఆగలే

పుట్టంగనే ఒక కన్నుకు సూపు లేదు. ఉన్న ఇంకో కన్నుకు గూడ దగ్గరియి తప్ప దూరంయి మసక. గసొంటి పిలగాడు బొమ్మలు గీస్త అంటే మన ఊర్ల నవ్వుతరు. బినోద్ బిహారీ ముఖర్జీ అదే పని జేసిండు.

1904ల కలకత్త పక్కన బెహాలాల పుట్టిండు. కండ్లు బాగలేక మామూలు బడి సదువు సక్కగ సాగలే. 1919ల శాంతినికేతన్ కళాభవన్ల చేరిండు. నందలాల్ బోస్ గురువు. 1925 నాటికి ఆడనే పంతులైండు.

ఆయన బొమ్మలల్ల ఎక్కువ కనవడేది చుట్టున్న పల్లెనే. 1940ల పిలగాండ్ల హాస్టల్ కప్పు మీద బీర్భూం ఊరు గీసిండు. నడుమ చెరువు, చుట్టూర చెట్లు, మనుషులు, పసులు. 1946-47ల హిందీ భవన్ గోడల మీద కబీర్, తులసీదాస్, సూర్దాస్ అసొంటి భక్తుల బతుకులు గీసిండు. సూర్దాస్ గుడ్డి కవి అని లోకం చెప్పుకుంటది. ఆ గోడకు పచ్చి సున్నం ఆరకముందే రంగు వెయ్యాలె, తప్పువోతే దిద్దరాదు. వెనుకకు జరిగి సూస్తే మసకనాయె. అయినా ముందుగాల కొలతకు గీసుకున్న నకలు లేకుంటనే నేరుగ గోడ మీద గీసిండు.

తర్వాత నేపాల్ల మ్యూజియం పని జూసిండు. యాభై ఏండ్లు దాటినంక కంటి ఆపరేషన్ చెడిపోయి ఉన్న సూపూ పోయింది.

ఇగ అయిపాయె అనుకుంటరు ఎవలైనా. ఆయన కుంచె బదులు కత్తెర వట్టిండు. రంగు కాయితాలు కత్తిరిచ్చి అతికిచ్చిండు. మైనం వేళ్లతోటి ఒత్తి బొమ్మలు జేసిండు. మళ్ల శాంతినికేతన్‌కు వొయ్యి పిల్లలకు కళ పాఠం జెప్పిండు. 1972ల కళాభవన్ గోడకు పింగాణి పలకలతోటి పెద్ద బొమ్మ కూర్చిండు. ఒకప్పటి శిష్యుడు సత్యజిత్ రే అదే ఏడు ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే సిన్మ తీసిండు. 1974ల పద్మవిభూషణ్ వచ్చింది. 1980ల కాలం జేసిండు.

గుడ్డోడైనా గీసిండని జాలితోటి మెచ్చుకునుడు వద్దు. ఆ గోడ జూసెటోళ్లకు ఆయన కండ్ల కథ తెల్వకున్నా గోడ బాగనే ఉంటది. సూపు పోవుడు వరమేం కాదు, పెద్ద నష్టమే. ఐతే ఆయన పని ఇడువలే, పనిముట్టు మార్చిండు.

మన ఊర్లల్ల సూపు తక్కువున్న పిల్లలకు పింఛన్ కాయితం చేతిల వెట్టి మూలకు కూసోవెడ్తున్నం. పింఛన్ కావాలె, అది వాళ్ల హక్కు. దాంతోటే సరివెట్టొద్దు. ఆ పిల్లకు ఏం జెయ్యాలనుందో ఒక్కసారి అడుగుండ్రి. మట్టి అడిగితే మట్టి, కత్తెర అడిగితే కత్తెర ఇయ్యుండ్రి.