కుట్టు నేర్పిన చేతులు – వివియన్ థామస్ జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నారు. అంబేడ్కర్ గారి గురించి, పూలే గారి గురించి మనకు తెలుసు. ఈసారి నేను వివియన్ థామస్ గురించి రాస్తున్నాను. ప్రపంచంలోని గుండె డాక్టర్లకు బాగా తెలిసిన పేరు ఇది. నేను చదివిన స్కూలు పుస్తకాల్లో మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా గదిలో ఒక అబ్బాయి ఉండేవాడు. గ్రౌండుకు వెళ్ళేలోపు రెండుసార్లు ఆగి గొంతుక్కూర్చునేవాడు. పెదవులు, గోళ్ళు నేరేడు పండ్లు తిన్నట్టు నీలంగా ఉండేవి. కబడ్డీకి పిలిస్తే వచ్చేవాడు కాదు. బద్ధకస్తుడని ఏడిపించేవాళ్ళం. కుళాయి దగ్గర స్నానం చేసేటప్పుడు చంక కింద నుంచి వీపు దాకా పాత కుట్ల మచ్చ కనిపించేది. పసితనంలో ఏదో ఆపరేషన్ అయిందట, అంతకుమించి వాడికీ తెలియదు. ఆ మచ్చ ఏమిటో నాకు డిగ్రీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది.

వివియన్ థామస్ 1910 ఆగస్టు 29న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పుట్టారు. ఆయన తాత బానిసగా బతికిన మనిషి. తండ్రి వడ్రంగి. కుటుంబం నాష్‌విల్ నగరానికి వలస వచ్చింది. అన్నదమ్ములందరూ బడి అయ్యాక తండ్రితో పాటు రంపం, ఉలి పట్టారు. కొలత తప్పకుండా కోయడం, అతుకు కనబడకుండా కలపడం థామస్‌కు అక్కడే అలవాటయింది. 1929లో హైస్కూలు పూర్తి చేశారు. కాలేజీలో చేరి డాక్టరు కావాలని ఆశ. అందుకోసం వడ్రంగం చేసి డబ్బు దాచుకున్నారు.

ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికాలో షేర్ మార్కెట్ కూలింది. పనులు పోయాయి. 1930 ఫిబ్రవరిలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు. కొన్నాళ్ళు చేసి కాలేజీకి వెళ్దామనుకున్నారు. ఆ ఏడాదే ఆయన డబ్బు దాచుకున్న బ్యాంకు మూతపడింది. కాలేజీ ఆశ దాంతో పోయింది.

బ్లాలాక్ గారు పని నేర్పారు, థామస్ త్వరగా అందుకున్నారు. కొద్దికాలానికే కుక్కలకు మత్తు ఇచ్చి, రక్తనాళాలు కోసి కుట్టి, లెక్కలన్నీ రాసే స్థాయికి వచ్చారు. గాయపడినవారు షాక్‌లోకి వెళ్ళడానికి ఒంట్లోంచి రక్తం, ద్రవాలు పోవడమే కారణమని ఆ ప్రయోగశాల రుజువు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తం, ప్లాస్మా ఎక్కించి ఎందరో సైనికులను బతికించడానికి ఈ పరిశోధన తోడ్పడింది. ఇంత చేస్తున్న థామస్ ఉద్యోగం కాగితాల మీద ఏమని ఉందంటే, ఊడ్చే పనివాడని! నల్లవాడికి వేరే హోదా లేదు. ఆయన ఊరుకోకుండా అడిగి జీతం పెంచుకున్నారు. ఆయన అన్న హెరాల్డ్ బడిపంతులు. నల్ల పంతుళ్ళకు తక్కువ జీతం ఇస్తున్నారని ఆయన నాష్‌విల్ విద్యాబోర్డు మీద కోర్టుకు వెళ్ళి గెలిచారు. అడగడం ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది.

1941లో బ్లాలాక్ గారికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగం పెద్దగా పదవి వచ్చింది. థామస్‌ను కూడా వెంట తీసుకువెళ్ళారు. అక్కడ నల్లవారికి మరుగుదొడ్లు వేరు. తెల్లకోటు వేసుకుని వరండాలో నడిస్తే అందరూ ఆగి చూసేవారట. రెండు గ్లాసుల పద్ధతి గురించి మన పెద్దవాళ్ళ దగ్గర విన్న మనకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

1943లో పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టౌసిగ్ ఒక సమస్యతో వచ్చారు. ఆమెకు వినికిడి సరిగా ఉండేది కాదు, పిల్లల గుండెను చేతివేళ్ళతో తాకి పరీక్షించేవారు. కొందరు పిల్లలు నీలంగా పుట్టి చిన్నతనంలోనే చనిపోతున్నారు. వాళ్ళ గుండెలో నాలుగు లోపాలు. రెండు జఠరికల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, బృహద్ధమని పక్కకు జరిగి ఆ రంధ్రం మీద ఉండటం, కుడి జఠరిక గోడ మందమెక్కడం. చెడు రక్తం ఊపిరితిత్తులకు చాలినంత చేరక, శుభ్రపడకుండానే ఒళ్ళంతా తిరుగుతుంది. ఊపిరితిత్తులకు ఇంకో దారి వేయగలమా అన్నది ఆమె ప్రశ్న. (ఇలాంటి పిల్లలు గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని నాళాలు నొక్కుకుని రక్తం కొంత ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. మా గది అబ్బాయిది బద్ధకం కాదు, వాడి ఒళ్ళు వాడికి నేర్పిన వైద్యం.)

దారి వేసే పని థామస్‌కు అప్పగించారు. ముందు కుక్కలో అటువంటి జబ్బు పుట్టించాలి, తర్వాత నయం చేయాలి. చేతికి పోయే ధమనిని మళ్ళించి ఊపిరితిత్తుల ధమనికి కుట్టడం ఉపాయం. సుమారు 200 కుక్కల మీద రెండేళ్ళ దాకా శ్రమపడ్డారు. అంత చిన్న నాళాలకు సరిపడే సూదులు, పట్టుకార్లు లేకపోతే ఉన్నవాటినే మార్చి తయారు చేశారు. వడ్రంగి కొడుకు కదా!

1944 నవంబరు 29న మొదటి ఆపరేషన్ జరిగింది. రోగి పదిహేను నెలల పాప, బరువు నాలుగు కిలోలు దాటీ దాటనట్టు ఉంది. బ్లాలాక్ గారు ఈ కుట్టును ప్రయోగశాలలో ఒక్కసారే, అదీ థామస్‌కు సహాయకుడిగా వేశారు. అందుకే థామస్‌ను పిలిపించి తన వెనుక ఒక స్టూలు మీద నిలబెట్టుకున్నారు. సూది ఎటు తిప్పాలో, కుట్టు ఎంత దూరంలో పడాలో థామస్ భుజం మీదుగా చూసి చెబుతూనే ఉన్నారు. డిగ్రీ లేని మనిషి చెబుతుంటే సర్జరీ పెద్ద కుట్టాడు!

పాప బతికింది. కానీ కొన్ని నెలలకు మళ్ళీ నీలమైంది. రెండోసారి కోశారు, నిలవలేదు. రెండో పుట్టినరోజు చూడలేదు. ఈ సంగతి చాలామంది రాయకుండా వదిలేస్తారు, నాకు మాత్రం రాయాలనిపించింది. మూడో రోగి ఆరేళ్ళ బాలుడు. బల్ల మీదే పెదవులు నీలం నుంచి గులాబీ రంగుకు మారాయి. కుట్టు ఒకటే, రోగి వేరు. పసిబిడ్డ నాళం మరీ సన్నం, రక్తం గడ్డకడితే పూడిపోతుంది. పైగా బిడ్డ పెరుగుతుంది, కుట్టిన దారి పెరగకపోవచ్చు. కాస్త పెద్ద పిల్లల్లో నాళం పెద్దది, కానీ ఏళ్ళ తరబడి నీలంగా ఉంటే రక్తం చిక్కబడి మెదడుకు ప్రమాదం. ఇవాళ్టికీ గుండె ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు వయసు, బరువు, షుగరు, కిడ్నీలు, పొగతాగే అలవాటు అన్నీ అడిగేది ఇందుకే. అరవై ఏళ్ళ షుగరు రోగికి బైపాస్‌లో ఉండే భయం వేరు, గొంతునొప్పిని అశ్రద్ధ చేసి కీళ్ళవాతంతో కవాటాలు చెడిన మన ఈడు వాళ్ళకుండే భయం వేరు. ఇరుకు గదుల్లో ఆ గొంతు జబ్బు త్వరగా అంటుకుంటుంది. తమ్ముళ్ళూ, జ్వరంతో గొంతునొప్పి వస్తే వార్డెన్ గారికి చెప్పండి, దాచుకోకండి.

1945లో ఆ మూడు ఆపరేషన్ల గురించి వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. బ్లాలాక్, టౌసిగ్ పేర్లు ఉన్నాయి. థామస్ పేరు ఎక్కడా లేదు. దేశదేశాల నుంచి రోగులు, సర్జన్లు హాప్‌కిన్స్‌కు వచ్చారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధులైన డెంటన్ కూలీ వంటి యువ సర్జన్లకు థామస్ కుట్టు నేర్పారు. జీతం చాలక బ్లాలాక్ గారి ఇంటి విందుల్లో గ్లాసులు అందించే పని కూడా చేశారు. పగలు తన దగ్గర పాఠం నేర్చుకున్నవారికి రాత్రి తనే వడ్డించడం! బ్లాలాక్ గారి మీద కోపం తెచ్చుకోవాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు. థామస్ లేనిదే ఆపరేషన్ మొదలుపెట్టనిదీ ఆయనే, వ్యాసంలో పేరు రాయనిదీ ఆయనే.

థామస్ మధ్యలో మళ్ళీ చదువు ప్రయత్నించారు. కాలేజీ వారు ఇన్నేళ్ళ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోలేదు, మొదటి సంవత్సరం నుంచి చదవమన్నారు. డాక్టరయ్యేసరికి యాభై ఏళ్ళు వస్తాయని లెక్క వేసుకుని మానుకున్నారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఈ ఒక్క పేరా రాయడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

1964లో బ్లాలాక్ గారు మరణించారు. 1971లో శిష్యులైన సర్జన్లు థామస్ చిత్రపటం చేయించి ఆసుపత్రికి బహూకరించారు. అది బ్లాలాక్ గారి పటం పక్కనే చేరింది. 1976లో హాప్‌కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అది వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో! అధ్యాపకుడిగా కూడా నియమించింది. 1979లో పదవీ విరమణ చేసి ఆత్మకథ రాసుకున్నారు. 1985 నవంబరు 26న క్యాన్సర్‌తో కన్నుమూశారు. పుస్తకం అచ్చయి వచ్చింది ఆ తర్వాత కొద్ది రోజులకే.

ఆ కుట్టును చాలాకాలం బ్లాలాక్–టౌసిగ్ షంట్ అన్నారు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు మధ్యలో థామస్ పేరు కూడా చేర్చి రాస్తున్నారు. ఈ రోజుల్లో వీలైతే పసితనంలోనే గుండెను పూర్తిగా సరిచేస్తారు. బిడ్డ మరీ చిన్నదైనా, నాళాలు మరీ సన్నమైనా ముందు ఈ షంట్ వేసి కొంతకాలం గడుపుతారు, ధమనిని మళ్ళించే బదులు చిన్న గొట్టం పెడతారు.

మా గది అబ్బాయి చంక కింద మచ్చ అదే. వాడు పెరిగాడు, షంట్ చాలలేదు. తొమ్మిదిలో ఉండగా ఆరోగ్యశ్రీ కార్డు మీద పెద్ద ఆపరేషన్ అయింది. తిరిగి వచ్చినప్పుడు రొమ్ము మధ్యలో రెండో మచ్చ ఉంది, గోళ్ళు మా అందరి గోళ్ళలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం వాడు ఎక్కడా కూర్చోకుండా గ్రౌండు దాకా నడిచాడు.